రంగూనవ్వ నేర్పిన నిలకడ

నా చిన్నప్పుడు మా ఇంట్లో నన్ను ఎక్కువసేపు నిలబడనిచ్చేవాళ్ళు కాదు. పొద్దున కళ్ళు తెరిచినప్పటి నుంచి "కూచో పాపా", "పండుకో పాపా" అనే రెండు మాటలే నా చెవుల్లో పడేవి. నాకు ఉబ్బసం. చలికాలం మొదలైందంటే చాలు, ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యేవి. ధర్మవరంలో మాది మగ్గం ఇల్లు. నాయన గుంతమగ్గంలో కూర్చుని పట్టుచీరలు నేసేవాడు, అమ్మ రాట్నం తిప్పి కండెలకు నూలు చుట్టేది. వాళ్ళిద్దరూ పని చేసుకుంటూనే ఒక చెవి నా ఊపిరి మీద పెట్టి ఉంచేవాళ్ళు. నేను కాస్త గట్టిగా దగ్గితే మగ్గం చప్పుడు ఆగిపోయేది. ఆ నిశ్శబ్దం నాకు దగ్గు కంటే ఎక్కువ భయంగా ఉండేది.

ఆ ఏడు నేను ఐదో తరగతి, అది అయితే పెద్దబడికి పోవాలి. పెద్దబడి రైలు కట్టకు అవతల, మా వీధికి బాగా దూరం. ఒకరోజు రాత్రి అన్నాలు తింటున్నప్పుడు నాయన, అమ్మతో నెమ్మదిగా అన్నాడు. "పాప అంత దూరం నడిచి పోలేదు లే. చదివింది చాలు. ఇంట్లోనే కూచోని కండెలు చుట్టుకుంటాది." అమ్మ తల ఊపింది. ఆయన మాటలో కోపం లేదు, కష్టపెట్టాలన్న ఉద్దేశం అసలే లేదు. అందుకే నాకు ఎదురు చెప్పడం తెలియలేదు. పలక సంచి గోడకు తగిలించి ఉంది. దాన్ని చూస్తూ ముద్ద మింగాను.

మా పక్కింట్లో ఒక ముసలామె ఒంటరిగా ఉండేది. వీధంతా ఆమెను రంగూనవ్వ అనేవాళ్ళు. ఆమె భర్త బట్టల అంగట్లో పనికని ఆమెను తీసుకుని రంగూన్ పోయినాడట. యుద్ధకాలంలో అక్కడ బాంబులు పడినప్పుడు వేలమందితో కలిసి కొండలూ అడవులూ నడుచుకుంటూ వాపసు వచ్చినారు. భర్త దారిలోనే పోయినాడు. ఆమె మాత్రం ధర్మవరం చేరింది. బక్కపలచని మనిషి, తల నెరిసిపోయింది, అయినా నడక చూస్తే పడుచుపిల్ల నడిచినట్టుండేది. తెల్లవారి పెరట్లో ఆమె ఒక పని చేసేది. నిలబడి, చేతులు మెల్లగా పైకి లేపి, నీళ్ళలో కదిలించినట్టు కదిలించి, మళ్ళీ మెల్లగా దించేది. మా అవ్వ గోడ మీద నుంచి చూసి, "దానికి చీనా మంత్రం పట్టుకోనుండాది" అని మూతి తిప్పేది.

ఒకరోజు రంగూనవ్వ మా గడప దగ్గరికి వచ్చి అమ్మను అడిగింది. "మే, నూలు చుట్టే చక్రం నాకు పనికిరాకుండా పోయింది. చిలప పట్టుకునేదానికి మనిషి లేదు. రోంతసేపు మీ పాపను పంపిస్తావా?"

"కూచోని పట్టుకుంటాదా?" అంది అమ్మ.

"కూచుంటే నూలు చిక్కు పడతాది. నిలబడుకోవాల. అలిసిపోతే నేనే పంపిచ్చేస్తా."

నూలు పని అనేసరికి అమ్మ కాదనలేకపోయింది. నేసేవాళ్ళ ఇంట్లో నూలు పనికి ఎవరూ కాదనరు.

చిలప అంటే పొడుగాటి పట్టునూలు చుట్ట. దాన్ని రెండు చేతులకూ తగిలించుకుని సాగదీసి పట్టుకుంటే, ఎదుటి మనిషి పోగు లాగి ఉండలా చుట్టుకుంటుంది. రంగూనవ్వ నన్ను తన పంచలో నిలబెట్టింది. పాదాలు రోంత ఎడంగా పెట్టించింది. మోకాళ్ళ వెనక వేలితో తట్టి, "ఈడ బిగబట్టద్దు" అంది. పెద్ద కడవను వాటేసుకున్నట్టు నా చేతులను గుండ్రంగా వంచి, మోచేతులు కిందికి వదలమంది. చిలప తగిలించింది. నెమ్మదిగా చుట్టడం మొదలుపెట్టింది.

పట్టునూలు చాలా తెలివైంది. చేతులు బిగిస్తే పోగు టక్కున పట్టేసేది, వదిలేస్తే చిలప జారిపోయేది. భుజాలు పైకెత్తితే పోగు వణికేది. ఊపిరి బిగబట్టినా వణికేది. అలా వణికినప్పుడల్లా రంగూనవ్వ చుట్టడం ఆపి ఊరకే నా మొహం చూసేది. తిట్టేది కాదు. నేను సర్దుకుని, భుజాలు దించి, ఊపిరి వదిలితే మళ్ళీ చుట్టేది. మొదటిరోజు నా చేతులు రోంతసేపటికే పీకినాయి. "చాలు, పో. ఇంకా చేయాలనిపిస్తా ఉండగానే ఆపెయ్యాల" అని పంపేసింది. నాకు నిజంగానే ఇంకా చేయాలనిపించింది. మరుసటి రోజు ఎవరూ పిలవకుండానే పోయినాను.

అలా రోజూ పోయేదాన్ని. కడుపు నిండా తిని వస్తే వెనక్కి పంపేది. పోగు ఎడమచేతి వైపు నుంచి వస్తే బరువు ఎడమకాలి మీదికి, కుడివైపు నుంచి వస్తే కుడికాలి మీదికి మెల్లగా పోనిమ్మనేది. ఊపిరి గురించి మాత్రం ఒకటే మాట చెప్పేది. "పీల్చేది మర్చిపో. వదిలేది చూసుకో. పూర్తిగా వదిలితే పీల్చేది దానంతట అదే వస్తాది." ఉబ్బసం ఉన్నవాళ్ళకు తెలుస్తుంది, ఆ మాట ఎంత కొత్తదో. గాలి చాలదని మేము పీలుస్తూనే ఉంటాం. లోపల నిండిన గాలిని బయటికి పోనివ్వాలని ఎవరికీ తోచదు.

ఒక సాయంకాలం నూలు అయిపోయింది. "ఈపొద్దు ఉత్త చేతులే పట్టుకో, అంతే" అంది రంగూనవ్వ. నాకు చేతుల మధ్య నూలు ఉన్నట్టే అనిపించింది. అలా నిలబడి చూస్తే ఎదురుగా అటక మీద చక్రం కనబడింది. ఎక్కడా విరగలేదు, ఒక్క పుల్ల కూడా ఊడలేదు.

"అవ్వా, చక్రం బాగుండాదే!"

ఆమె పళ్ళు లేని నోటితో పకపకా నవ్వింది. "బాగుండాది. ఊరికే నిలబడుకోమంటే నువ్వు నిలబడుకుంటావా? మీ అమ్మ నిలబడనిస్తాదా?"

అప్పుడు చెప్పింది. రంగూన్‌లో వాళ్ళుండే మిద్దె కింద ఒక చీనా మందుల అంగడి ఉండేదట. ఈమె విషజ్వరం పడి లేచి మెట్లు కూడా ఎక్కలేకుండా అయిపోతే, ఆ అంగడి వాళ్ళ ముసలమ్మ రోజూ పైకి వచ్చి ఈమె చేతులు పట్టుకుని నిలబెట్టేదట. "ఆమె మాట నాకు రాదు, నా మాట ఆమెకు రాదు. ఆమె చేసేది, నేను చూసి చేసేదాన్ని. దానికేదో పేరు కూడా చెప్పింది, నా నాలిక తిరగలేదు. ఆ తర్వాత ఆ కొండల్లో అంతమంది రాలిపోతాంటే నన్ను నడిపిచ్చింది అదే."

ఆరోజే అమ్మ నన్ను పిలవడానికి వచ్చి, నూలు లేకుండా గాల్లో చేతులు పట్టుకుని నిలబడిన నన్ను చూసింది. నా చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోయింది. "బిడ్డ ఊపిరితో ఆటలాడేది బాగుండదు" అని ఇంట్లో అంది. ఇక పక్కింటికి పోవద్దన్నారు. నేను పోలేదు. తెల్లవారి అందరూ లేవకముందే మగ్గం పక్కన నిలబడి నాకు నేనే చేసుకునేదాన్ని.

తర్వాత కొన్నాళ్ళకు హిందూపురంలో మా చిన్నమామ బిడ్డకు పేరు పెడుతున్నారని కబురొచ్చింది. చీర ఒకటి మగ్గం మీద ఉందని నాయన ఆగిపోయినాడు. అమ్మా నేనూ పొద్దున రైలెక్కినాము. చలి బాగా ఉంది. ఇంజను పొగ కిటికీల్లోంచి లోపలికి కొడుతోంది. దానికి తోడు ఎవరో ఎండుమిరపకాయల మూట మా పక్కనే పెట్టినారు. రద్దీలో ఎవరి కాలో తగిలి మూట మూతి విప్పుకుంది. ఘాటు గుప్పున లేచింది. డబ్బాలో అందరూ తుమ్మి, దగ్గి ఊరుకున్నారు. నా గొంతు మాత్రం మూసుకుపోయింది.

పెనుకొండ స్టేషన్ వచ్చేసరికి నా పెదాలు నల్లబడినాయని అమ్మ తర్వాత చెప్పింది. ఎవరో నన్ను ఎత్తి కిందికి దించినారు. మా గుడ్డల మూటను ఒకామె కిటికీలోంచి అందించింది. బల్ల మీద పడుకోబెట్టినారు. చుట్టూ జనం. ఒకరు నీళ్ళు తాపమన్నారు, ఒకరు ఛాతీ రుద్దమన్నారు, ఇంకొకరు ఉల్లిగడ్డ వాసన చూపమన్నారు. వెల్లకిలా పడుకుంటే నా మీద బండరాయి పెట్టినట్టుంది. లేవబోయినాను. అమ్మ భయంతో నా భుజాలు అదిమిపట్టి "పండుకో తల్లీ, కదలద్దు" అంటోంది. మాట్లాడేందుకు నాకు గాలి లేదు. ఆమె చేతిని గట్టిగా తోసేసినాను. అంతకుముందు ఎప్పుడూ నేను అమ్మ చేతిని తోయలేదు.

అమ్మ బిత్తరపోయి చూసింది. రైలు కూత వేసి కదిలిపోయింది. ఆ చప్పుడు పోయినాక, ఆమె నా మొహం దగ్గర మొహం పెట్టి అడిగింది. "నీకేం కావాల? చెప్పు, నువ్వు చెప్పినట్టే చేస్తా."

"ని... లబడతా" అన్నాను.

అమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. నన్ను లేపి నిలబెట్టింది. చుట్టూ ఉన్నవాళ్ళతో "అందరూ రోంత జరగండప్పా, గాలి రానీండి" అని గట్టిగా అంది. నేను పాదాలు ఎడంగా పెట్టుకున్నాను. మోకాళ్ళ వెనక బిగువు సడలించాను. చేతులు గుండ్రంగా ఎత్తాను. పీల్చాలని ప్రాణం కొట్టుకుంటోంది. పీల్చలేదు, వదిలాను. రవ్వంతే పోయింది. మళ్ళీ వదిలాను. లోపల ఈల వేసినట్టు చప్పుడు. భయం వేసింది. భయం వేసినప్పుడు భుజాలు లేచినాయి, వాటిని దించుకున్నాను. ఇది నాకు తెలిసిన పని. ఎవరూ చెప్పకుండానే నా ఒళ్ళు చేసుకుపోతోంది.

"ఏంది ఆ పాప చేస్తాండేది?" అన్నారెవరో.

"నూలు పట్టుకోనుండాది" అంది అమ్మ.

అని ఊరుకోలేదు. నా ఎదురుగా వచ్చి నిలబడింది. ఆమె కళ్ళనిండా నీళ్ళున్నాయి. చేతులు మాత్రం పైకి లేచి, నా చేతుల మధ్య నుంచి లేని పోగును లాగి, లేని ఉండ చుట్టడం మొదలుపెట్టినాయి. పుట్టినప్పటి నుంచి నూలు చుట్టిన చేతులు అవి. తొందర లేదు. ఎడమ నుంచి లాగితే నేను ఎడమకు ఒరిగాను, కుడి నుంచి లాగితే కుడికి. ఆమె చేతుల నడకకు నా ఊపిరి ఎప్పుడు కలిసిందో తెలియదు. ముందు వదలడం పొడుగైంది. తర్వాత గాలి లోపలికి దానంతట అదే వచ్చింది, పొట్టదాకా వచ్చింది. అప్పటిదాకా మసకగా ఉన్న నా కళ్ళకు ఎదురుగా పెనుకొండ కొండ కనబడింది. దాని మీద కోట గోడ, గోడ మీద పచ్చటి ఎండ. అంత అందంగా నేను దేన్నీ చూడలేదు.

అప్పుడు అమ్మ మూటలోంచి తీసిచ్చిన డాక్టరు మాత్ర మింగగలిగాను. స్టేషన్ బయట అమ్మ నాకు వేడి కాఫీ తాపించింది. సాయంకాలం బండికి హిందూపురం పోయినాము. బిడ్డకు పేరు పెట్టడం అప్పటికే అయిపోయింది. మామ జరిగింది విని నన్ను ఎత్తి భుజం మీద కూర్చోబెట్టుకున్నాడు.

ధర్మవరం తిరిగి వచ్చిన రోజే అమ్మ నన్ను తీసుకుని రంగూనవ్వ గడప ఎక్కింది. పెనుకొండలో జరిగింది చెప్పింది. రంగూనవ్వ ఆమెను కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. "నువ్వు కూడా నేర్చుకో మే. రాట్నం ముందర వంగి వంగి నీ నడుము పోతాండాది" అంది. మరుసటి తెల్లవారి నుంచి ఆ పెరట్లో మేము ముగ్గురం. నా బడి మాన్పించే మాట నాయన మళ్ళీ ఎత్తలేదు. సెలవుల తర్వాత ఆయనే రైలు కట్ట దాటించి పెద్దబడిలో చేర్పించి వచ్చినాడు.

నా ఉబ్బసం పోలేదు. ఆ సంగతి దాచను. మందులు మానమని రంగూనవ్వ ఎప్పుడూ అనలేదు, నేనూ ఎవరికీ అనను. కానీ అది వచ్చినప్పుడల్లా దాని కింద పడి నలిగిపోవడం మాత్రం ఆగిపోయింది. కొన్నేళ్ళకు చీనాతో యుద్ధం వచ్చింది. వీధిలో కొందరు పడుచువాళ్ళు రంగూనవ్వ గోడ దగ్గర నిలబడి వెక్కిరించినారు. ఆమె చేతులు దించలేదు. "నాకు నేర్పింది ఒక ముసల్ది అబ్బయ్యా. యుద్ధాలు చేసేది ముసలోళ్ళు కాదు గదా" అంది. వాళ్ళు నవ్వుకుంటూ పోయినారు. ఆ తర్వాత వాళ్ళలో ఒకడి తల్లి మోకాళ్ళ నొప్పులని మా దగ్గరికే వచ్చింది.

రంగూనవ్వ పోయి చాలా కాలమైంది. నేను పెళ్ళయి హిందూపురం వచ్చి, పిల్లలకు పాఠాలు చెప్పి, రిటైరై, ఇప్పుడు మనవరాలి ఫోనులో చూసి తెలుసుకున్నాను, ఆ విద్యను చీగాంగ్ అంటారని. తెల్లవారి మా మిద్దె మీదికి వీధిలోని ఆడవాళ్ళు కొందరు వస్తారు. కొత్తగా వచ్చినవాళ్ళు పుస్తకం చదివి వచ్చినట్టు ఊపిరి ఎన్ని లెక్కల్లో పీల్చాలి, ఎన్నాళ్ళకు గుణం కనబడుతుంది అని అడుగుతారు. నేను వాళ్ళకు మొదట ఏమీ చెప్పను. ఆ మనిషిని చూస్తాను. నిలబడలేని ఆమెకు కుర్చీ వేస్తాను, చెయ్యి ఎత్తలేని ఆమెను ఎత్తమనను.

ఆ రోజు పెనుకొండ స్టేషన్లో అంతమంది నాకోసం ఏదో ఒకటి చేసినారు. అందరిదీ మంచి మనసే. వాళ్ళలో నన్ను అడిగింది మా అమ్మ ఒక్కతే. అందుకే ఎవరైనా నొప్పితోనో భయంతోనో నా దగ్గరికి వస్తే, నా చేతులు వెంటనే ముందుకు పోవు. ఎదురుగా కూర్చుని, నీకేం కావాలి అని అడుగుతాను. అడిగి, వాళ్ళు చెప్పేదాకా ఆగుతాను.