పౌడరు కింది ముఖం

ఈ ఉదయం దుప్పటి మడత పెడుతుంటే ముంజేతికి గోరు తగిలి తెల్లని గీత పడింది. చలి ముదిరిందని ఆ గీతే చెప్పింది. రోజూ పడుకోబోయే ముందు డైరీ రాయడం నాకు పెళ్ళయ్యాక అబ్బిన అలవాటు. ఏ సంగతికైనా తేదీ వెతికి చెప్పగలను. ఇప్పుడు చెప్పబోయే చలికాలం మాత్రం ఆ డైరీల్లో లేదు. పందొమ్మిది వందల నలభైల చివర, సూర్యాపేటలో, నాకు పెళ్ళిచూపులు జరిగిన చలికాలం అది. తేదీ నాకు గుర్తులేదు, నా చర్మానికి అంతా గుర్తుంది.

మా పక్కింట్లో ఒక వకీలు గారు ఉండేవారు. ఆయన భార్యను పేరు పెట్టి పిలిచినవాళ్ళను నేను చూడలేదు. ఊరందరికీ ఆమె వకీలమ్మ. పిల్లలు లేరు. యాభై దాటిన మనిషి, నాకన్నా నలుపు. మధ్యాహ్నం భోజనాలయ్యాక అద్దం తెచ్చి వాకిట్లో ఎండకు పెట్టుకొని, నుదుట మైనం అద్ది, దాని మీద కుంకుమ గుండ్రంగా దిద్దుకునేది. చలికి అందరి ముఖాలూ బూడిద పూసినట్టుండే రోజుల్లో ఆమె ముఖం నిగనిగలాడేది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ఆమె వెనక "అద్దాలమ్మ" అని నవ్వుకునేవారు. మా అమ్మ ఒకసారి గోడ మీదుగా అననే అంది.

"ఎవల్ని మెప్పియ్యనీకి అక్కా గీ సోకు?"

వకీలమ్మ అద్దంలోంచి చూపు తిప్పలేదు. "ముందుగాల నన్ను. పొద్దుమూకెదాక గీ మొహంతోని ఉండేది నేనే గద!"

నాకు వచ్చిన సంబంధం మిర్యాలగూడ వాళ్ళది. వడ్ల వ్యాపారం చేసే ఇల్లు, అబ్బాయి బడిపంతులు. పెళ్ళయ్యాక కూడా పిల్లను చదివిస్తామని కబురు పంపారు. అప్పటిదాకా ఆ మాట అన్న సంబంధం మరొకటి లేదు. అందుకే అది కుదరాలని లోలోపల ఎంతో కోరుకున్నాను. ఆ చలికి నా చెంపలు పగిలి, పొట్టు లేచి, తెల్లగా మచ్చలు కట్టాయి. కోదాడ నుంచి వచ్చిన మా పిన్ని సంచిలోంచి స్నో సీసా, పౌడరు డబ్బా తీసింది.

"నువ్వు ఊరుకో అక్కా, స్నో రాసి పైన పౌడరు అద్దితే ఒక్క మచ్చ కూడా కనపడదు, చూస్తుండు."

పెళ్ళిచూపుల రోజున చూస్తుండగానే అంతా తారుమారైంది. వాకిట్లో ఎండకు స్నో ఎండిపోయింది, పౌడరు పగుళ్ళలో ఇరుక్కుంది. నేను సిగ్గుతో నవ్వగానే చెంపల మీద పెచ్చులు లేచాయి. అబ్బాయి తల్లి నా గడ్డం పట్టుకొని పైకెత్తింది.

"గీ తెల్లగున్నయి ఏంది బిడ్డా?"

"ఏం లేదండీ, పౌడరు," అంది పిన్ని.

"పౌడర్ కిందిది అడుగుతున్న."

వాళ్ళు వెళ్ళాక మధ్యవర్తి వచ్చి చల్లగా చెప్పాడు, పిల్లకు బొల్లి ఉందేమోనని వాళ్ళ అనుమానమని. ఆ మాట మిర్యాలగూడ దాటి హాలియా దాకా పాకితే ఇక మా గడప ఎవరూ తొక్కరని అమ్మ ఏడ్చింది. నేను చదువు పోయిందని ఏడ్చాను.

మర్నాడు వకీలమ్మ పిలవకుండానే వచ్చింది. "ఏందే, మొహానికి సున్నం కొట్టిచ్చుకున్నవట!" అంటూ నన్ను ఎండలోకి లాగి, చెంప మీద ఒక చుక్క నువ్వుల నూనె అద్దింది. మచ్చ కనపడకుండా పోయింది. "సూడున్రి. బొల్లయితే నూనెకు పోతదా? ఇది ఉత్త పగులు."

"జర తెల్లగయ్యేటట్టు గూడ ఏదన్న రాయి అక్కా," అమ్మ బతిమాలింది.

"రంగు దేవుడిచ్చిండు, దాన్ని నేను ముట్ట. కళ తెస్త."

ఆ రోజు నుంచి నాకు సబ్బు, పౌడరు బంద్. సలసల కాగిన నీళ్ళూ బంద్. పొద్దున ఎండలో కూర్చోబెట్టి గోరువెచ్చని నూనె పట్టించేది. అది ఇంకాక పెసరపిండిలో మీగడ కలిపి, చంటిపిల్లకు రాసినంత మెత్తగా నలుగు పెట్టేది. పెదవులకు వెన్న. నేను ఘడియకోసారి అద్దం చూసుకుంటే కసిరేది. "అన్నం మూత తీసి తీసి సూస్తే ఉడుకుతదానే?"

చెంపలు నున్నబడ్డాక, పసుపు కుంకుమకని అబ్బాయి తల్లికి తనే కబురు పంపించింది. ఆ రోజు నాకు కాటుక దిద్ది, కుంకుమ పెట్టి, చివరికి పిన్ని వదిలివెళ్ళిన పౌడరే చేతిలోకి తీసుకుంది.

"పౌడర్ వద్దన్నవ్ గద పెద్దమ్మా?" అన్నాను.

"దాసనీకి వద్దన్న. ఇప్పుడు దాసెటందుకు ఏమున్నదే? గిది సోకు."

అబ్బాయి తల్లి వచ్చి కూర్చుంది. వకీలమ్మ ఒక తువాలు తడిపి, పిండి, ఆమె చేతికిచ్చింది. "పౌడర్ కిందిది అడిగిన్రట. మీ చేతులతోనే తుడిచి సూడున్రి."

అబ్బాయి తల్లి తటపటాయిస్తూనే నా ఒక చెంప తుడిచింది. తర్వాత రెండోది. బొటనవేలితో రుద్ది చూసింది. ఆ వేలు గరుకుగా గీసుకుపోయింది. నేను "స్స్" అన్నాను. ఆమె చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకొని తన అరచేతులనే చూసుకుంది.

"వడ్లు చెరిగి చెరిగి నా చేతులు గిట్లయినయ్ అక్కా," అంది వకీలమ్మతో, నా సంగతే మరిచిపోయినట్టు.

"ఇటు తే." వకీలమ్మ ఆ చేతులు ఒళ్ళోకి లాక్కొని నూనె పోసింది. "పిల్లను సూడనొచ్చి నువ్వే రాయించుకుంటున్నవ్!"

ఇద్దరూ నవ్వారు. సంబంధం ఖాయమైందని నాకు ఆ నవ్వుతోనే తెలిసింది.

అన్నమాట ప్రకారం అత్తగారింట్లో నన్ను చదివించారు. పంతులమ్మనై, మిర్యాలగూడ బడిలోనే పదవీ విరమణ చేశాను. నా ముఖాన్ని తన చేతులతో తుడిచి చూసిన అత్తగారి దగ్గర నేను దేన్నీ దాచాల్సిన అవసరం రాలేదు, ఆమె నా దగ్గర దాచనూ లేదు. వకీలమ్మ పోయి చాలా ఏళ్ళయింది, ఆమె నేర్పింది మాత్రం నాతోనే ఉంది. నా తప్పొకటి ఒప్పుకోవాల్సి వచ్చినా, ఇంట్లో కష్టం ఒకరికి చెప్పుకోవాల్సి వచ్చినా, అవతలివాళ్ళు గుచ్చి అడిగేదాకా ఆగను. ఉన్నది ఉన్నట్టు ముందు నేనే చెప్పేస్తాను. అయితే, చెప్పడానికి వెళ్ళేముందు మంచి చీర కట్టుకొని, తల నున్నగా దువ్వుకొనే వెళతాను.