పంతొమ్మిది బెజ్జాలు

ఫ్రేముల దుకాణంలో ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు. కొలతక్క అనే పిలుస్తారు. ఫోటో చేతిలోకి తీసుకుని ఒక్క చూపు చూసి, "పన్నెండున్నర, తొమ్మిదింబావు" అంటుంది. దుకాణాయన మొదట్లో టేపు పెట్టి సరిచూసుకునేవాడు. ఇరవై ఏడేళ్లలో ఆమె లెక్కా టేపు లెక్కా కలవనిది రెండేసార్లు. ఆ రెండుసార్లూ టేపే సాగిపోయిందని తేలింది. ఇప్పుడాయన కొత్త టేపు కొన్నా ముందు ఆమె ముందు పెట్టి, "ఇది సరిగ్గానే ఉందంటావా?" అని అడుగుతాడు.

అద్దం కొయ్యడం, అట్ట కత్తిరించడం, చెక్కపట్టీలను మూల కలిపి బిగించడం ఆమె పని. అవి తీసుకెళ్లి పెద్దిళ్లలో తగిలించి రావడం కూడా ఆమె పనే. ఒకాయన కొత్తగా మేడ కట్టి, హాలు వెలితిగా ఉందని దుకాణానికి వచ్చాడు. ఎవరూ తీసుకుపోకుండా మిగిలిపోయిన ఫోటోల కట్ట విప్పించి, అందులోంచి గుబురు మీసాల ముసలాయన్ని ఏరుకున్నాడు. "మా తాతగారి ఫోటో లేదు. ఉంటే ఇలాగే ఉండేవారు," అన్నాడు. ఎవరి తాతో తెలియని ఆ పెద్దమనిషిని కొలతక్క తీసుకెళ్లి ఆ హాల్లో తగిలించింది. ఆరు నెలల తర్వాత ఇంకేదో పని మీద వెళితే, ఆ తాత ఒంటిచేత్తో పులిని చంపిన సంగతి పిల్లలు ఆమెకే చెప్పారు. డబ్బున్నవాడికి గోడ ఉంటే చాలు, తాతలు వాళ్లంతట వాళ్లే పుట్టుకొస్తారు. లేనివాడికి తాతలుంటారు, గోడే ఉండదు.

కొలతక్కకి గోడ లేదు. పెళ్లయ్యాక పదకొండు అద్దె ఇళ్లు మారింది. నీళ్ల దగ్గర, దీపాల దగ్గర ఒక్కో ఇంటాయనది ఒక్కో పద్ధతి. మేకు దగ్గరికి వచ్చేసరికి పదకొండుమందిదీ ఒకే మాట: గోడ ముట్టుకోకూడదు. ఒకాయన నెలకోసారి కళ్లద్దాలు పెట్టుకుని వచ్చి, డాక్టరు పొట్ట నొక్కినట్టు గోడలు నొక్కి చూసి వెళ్లేవాడు. గదులు అద్దెకిచ్చి గోడలు మాత్రం తన దగ్గరే ఉంచుకున్నట్టుండేది ఆ వరస.

ఆమె మొగుడు లప్పం మేస్త్రి. గోడకి తెల్లటి లప్పం రేకుతో పట్టించి, గరుకు కాగితంతో రుద్ది, నునుపు తేల్చడంలో చెయ్యి తిరిగినవాడు. ఇల్లు ఖాళీ చేసే రోజున సామాను కట్టడం ఆమె వంతు, గోడలు చూడటం ఆయన వంతు. తాము కొట్టిన మేకులు ఎలాగూ లేవు. ముందున్నవాళ్లు కొట్టిన బెజ్జాలు తమ నెత్తిన పడతాయేమోనని అవి కూడా వెతికి పూడ్చేవాడు. ఆయన పూడ్చిన బెజ్జం ఎక్కడుండేదో ఇంటాయనలకే కాదు, మర్నాడు ఆయనకే దొరికేది కాదు.

ఊరందరి ఫోటోలకీ అద్దం బిగించిన మనిషి సొంత ఫోటోలు మాత్రం రేకుపెట్టెలో, మంచం కింద ఉండేవి. తొమ్మిదో ఇంట్లో వానాకాలం గోడ చెమ్మ నేలలోకి, నేల చెమ్మ పెట్టెలోకి దిగింది. తెరిచి చూస్తే నాన్న ఫోటో, తమ్ముడి ఫోటో ఒకదానికొకటి అంటుకుపోయాయి. నాన్నది అదొక్కటే. ఎంత నెమ్మదిగా విడదీసినా ముఖమంతా తమ్ముడి చొక్కా మీదికి వచ్చేసింది. ఆమె ఏడవలేదు. ఆ మధ్యాహ్నం మొగుడికి అన్నం పెడుతూ, "ఎక్కడైనా ఒక గోడ కొనయ్యా. దానికి ఇల్లు తర్వాత కట్టుకుందాం," అంది.

గోడ దొరకడానికి ఇంకో పదేళ్లు పట్టింది. మూడో అంతస్తులో రెండు గదులూ ఒక వంటిల్లూ. మేస్త్రి పైపనులు మానుకుని, నలభై రోజులు ఆ ఇంటికే లప్పం పెట్టాడు. రంగు వెయ్యనివ్వలేదు. తన చేతి తెలుపు మీద ఇంకో తెలుపు ఎందుకన్నాడు. పని అయ్యాక పెళ్లాన్ని పిలిచి ముందు గది పెద్దగోడ ముందు నిలబెట్టాడు.

"చెయ్యి పెట్టి చూడు. ఈగ వాలితే జారి పడాలి."

"బాగుందయ్యా. మేకులు ఎక్కడ కొట్టాలో రేపు చూస్తాను."

"మేకులా? ఈ గోడకా?"

"మరి పక్కింటి గోడకా?"

"నలభై రోజులు పట్టిందే. భుజం పడిపోయింది. నీ ఫోటోలు అలమారాలో పెట్టుకో. ఈ గోడకి మేకు దిగదు."

"ఇలా ఖాళీగానే ఉంచుతావా?"

"ఖాళీ ఏంటి? గోడుందిగా."

పదకొండుమంది చాలక పన్నెండో ఇంటాయన సొంత ఇంట్లోనే దొరికాడు.

ఇల్లు చూడ్డానికి ముందుగా వచ్చింది ఆడపడుచు. గుమ్మంలో చెప్పులు విప్పి, నాలుగు వైపులా చూసి, "ఇల్లా వదినా, ఆసుపత్రా? నర్సెప్పుడొస్తుంది?" అంది.

"మీ అన్నయ్యనడుగు. పేషెంటు ఆయనే."

"నవ్వులాట కాదు. వచ్చే ఆదివారం పొద్దున్నే మా అత్తగార్నీ వాళ్లనీ తీసుకొస్తున్నా. మా వదిన ఫ్రేములు కడితే పెద్దపెద్దోళ్లు ఇళ్లకి పిలిపించుకుంటారని ఆవిడ దగ్గర తెగ కోశాను. ఈ బోడిగోడ చూపించి నా పరువు తియ్యకు."

కొలతక్కకి ఆడపడుచు పరువు మీద అంత బెంగ లేదు. అయితే ఒకటి మాత్రం ఆమెకు అర్థమైంది. ఈ ఆదివారం గోడ బోడిగా ఉంటే ఇక ఎప్పటికీ బోడిగానే ఉంటుంది. చుట్టాలు చూసి బాగుందనేస్తారు, మేస్త్రి పొంగిపోతాడు, పెట్టె మళ్లీ మంచం కిందికి పోతుంది. మిగిలిన పంతొమ్మిది మందికీ నాన్న గతే పడుతుంది.

ఆమె గొడవ పెట్టుకోలేదు. "కాగితాలు అంటిస్తే?" అని అడిగింది.

మేస్త్రి ఆలోచించాడు. "మైదా జిగురేనా? తుడిస్తే పోవాలి."

"పోతుంది."

"కాగితమైతే సరే."

దుకాణంలో ఆమె పద్ధతే అది. ఫ్రేము ఎంతుంటుందో అంత కాగితం కత్తిరించి, ముందు గోడకి అంటించి చూస్తుంది. కాగితంతో కొన్నాళ్లు కాపురం చేశాకే మేకు. పంతొమ్మిది కాగితాలు గోడెక్కాయి. ఏ కాగితం ఎవరిదో దాని మీదే రాసింది. మేస్త్రి అన్నం తింటూ చదివేవాడు. "అమ్మ, ఎండలో." "తమ్ముడు, ఎవరిదో మోటారు సైకిలు మీద." "ఐదు కాళ్ల గుర్రం." అది కూతురు రెండో తరగతిలో వేసిన బొమ్మ. "అట్టముక్కల వీధి." అది కొలతక్క సొంతంగా చేసింది. ఫ్రేములు కోయగా మిగిలిన సన్నటి అట్టపీలికలు రంగురంగులవి ఏరి, తాముండి వచ్చిన వీధి ఒకటి అతికించింది, బట్టలారేసిన తీగలతో సహా.

"ఇదేంటే, 'నువ్వు, పరంజా మీద, తల లేదు'?"

"ఫోటో తీసింది మీ చెల్లెలు."

ఆమె రోజుకోసారి ఒక కాగితాన్ని వేలెడు జరిపేది. శుక్రవారం పొద్దున్న మేస్త్రి చెయ్యి కడుక్కుంటూ ఆగి, "ఆ గుర్రం కాస్త పైకుంటే?" అన్నాడు. అనేసి నాలిక కరుచుకున్నాడు. "కాగితమే కదా అని అన్నాలే."

శనివారం ఆయన పనికి వెళ్లగానే కొలతక్క చేతి డ్రిల్లు తీసింది. సుత్తి తగిలితే లప్పం పెచ్చులూడుతుంది. చేత్తో తిప్పే డ్రిల్లు పురుగు తొలిచినట్టు నెమ్మదిగా దిగుతుంది. ఒక్కో చోట గోడకి రెండు టేపు ముక్కలు అడ్డంగా నిలువుగా అంటించి, మడిచిన అట్ట కింద పట్టి, పొడి నేల మీద పడకుండా పంతొమ్మిది బెజ్జాలు తీసింది. ఒక్క పెచ్చు లేవలేదు. మొగుడికి చెప్పాల్సిన మాట నోటితో కాదు, గోడతోనే చెప్పొచ్చనుకుంది. పని తీరిన కాగితాలు ఉండచుట్టి కింద చెత్తడబ్బాలో వేసి, దుకాణంలో సిద్ధంగా ఉన్న ఫ్రేములు తేవడానికి బయల్దేరింది.

తిరిగొచ్చేసరికి నాలుగైంది. ఫ్రేములు మూడు అంతస్తులు మోసుకుని పైకొస్తే తలుపు తీసే ఉంది. సిమెంటు రాలేదని మేస్త్రి మధ్యాహ్నమే పని వదిలేసి వచ్చాడట. బోర్లించిన బకెట్టు మీద, పెద్దగోడకి ఎదురుగా కూర్చుని ఉన్నాడు. చేతిలో లప్పం రేకు.

గోడ తెల్లగా ఉంది. కింద, కుడి మూలన ఒక్క బెజ్జం. మిగతా పద్దెనిమిదీ లేవు.

కొలతక్క ఫ్రేములు దించింది. "ఇంత పంతమా నీకు? ముప్పై ఏళ్లు మంచం కింద పెట్టుకున్నానయ్యా వాళ్లని."

"పంతం కాదే."

"మరేంటిది?"

"వచ్చా. బెజ్జాలు కనపడ్డాయి. చేతిలోకి లప్పం ఎలా వచ్చిందో వచ్చేసింది." ఆయన గోడకేసే చూస్తున్నాడు. "ఒక్కోటీ పూడుస్తున్నా, రుద్దుతున్నా, ఇంటాయన చూస్తే ఏం గొడవ చేస్తాడో, తొందరగా కానివ్వాలి అనుకుంటూ."

"ఏ ఇంటాయన?"

"అదే. పద్దెనిమిదోది రుద్దుతుంటే తట్టింది."

ఇంటి కాగితాలు రాయించుకున్నారు, సంతకాలు పెట్టారు, ముద్రలు పడ్డాయి. చేతికి చదువు రాదు. పదకొండుమంది ఇంటాయనలూ సామాను కంటే ముందే వచ్చి ఆయన మణికట్టులో కాపురం పెట్టారు.

కొలతక్కకి కోపం రావాల్సింది. నవ్వొచ్చింది. "ఇల్లు కొన్నది నేనొక్కదాన్నేనన్నమాట. నువ్వింకా అద్దెకే ఉన్నావు."

మేస్త్రి నవ్వలేదు. రేకు కింద పెట్టి లేచాడు. "తియ్యి. మళ్లీ తియ్యి. ఇంకో వంద తీసుకో."

"కొత్త బెజ్జాలు ఎందుకయ్యా? పాతవాటి పక్కన కొత్తవి తీస్తే మెత్తటి లప్పంలో మరమేకు నిలవదు. ఆ పద్దెనిమిదే కావాలి. ఎక్కడున్నాయో చూపించు."

ఆయన గోడ దగ్గరికి వెళ్లి అరచేత్తో తడిమాడు. వంగి, పక్కనుంచి చూశాడు. దీపం వేసి వెలుగు గోడ వెంబడి పట్టాడు. ఏమీ లేదు. "నావల్ల కాదే," అన్నాడు. అంత ఇరకాటంలోనూ ఆ గొంతులో పిసరంత గర్వం ఉంది. ముప్పై ఏళ్ల కాపురం కాబట్టి ఆమె పసిగట్టింది.

"కాగితాలేవి?" అన్నాడు.

"చెత్తబండి వచ్చి పోయింది."

"పొద్దున్నే వాళ్లొస్తున్నారు."

"తెలుసు. పక్కకి జరుగు."

కొలతక్క వెనక్కి నడిచి, ఎదురుగోడకి వీపు ఆనించి నిలబడింది. వారం రోజులు అన్నం తింటూ, బట్టలు మడుస్తూ, నిద్ర లేస్తూ చూసిన గోడ. ఏ కాగితం ఏ కాగితానికి ఎన్ని వేళ్ల దూరమో కళ్లలోనే ఉంది. కాసేపు చూసి, తిన్నగా వెళ్లి పెన్సిలుతో ఒక చుక్క పెట్టింది. వెనక్కి వచ్చింది. ఇంకో చుక్క. టేపు ముట్టుకోలేదు. పద్దెనిమిది చుక్కలు పెట్టాక సన్నసూది తెచ్చి మొగుడి చేతిలో పెట్టింది.

"గుచ్చు. పైన ఎండినా లోపల ఇంకా మెత్తగానే ఉంటుందిగా."

మొదటి చుక్కలో సూది వెన్నలోకి దిగినట్టు దిగింది. రెండోదీ అంతే. మేస్త్రి పైకి లెక్కపెట్టడం మొదలెట్టాడు. ఐదు. తొమ్మిది. పదకొండు. పన్నెండో చుక్క దగ్గర సూది గట్టిదానికి తగిలి ఆగిపోయింది. ఆయన భయంగా వెనక్కి చూశాడు.

"వంకరగా పెట్టావు. నిటారుగా గుచ్చు."

నిటారుగా గుచ్చాడు. దిగింది.

పద్దెనిమిది అన్నాక ఆయన చాలాసేపు సూది తియ్యలేదు. "నేను పూడ్చిన బెజ్జం ఇప్పటిదాకా ఒక్కడికీ దొరకలేదే."

"వెతికినవాళ్లు ఇంటాయనలు కదా."

డ్రిల్లు ఆయనే అందుకున్నాడు. చీకటి పడేలోపు పంతొమ్మిది మరమేకులు దిగాయి, పంతొమ్మిది ఫ్రేములు ఎక్కాయి. గుర్రం, దాని కాగితం మొదట ఉన్న చోటికంటే రెండు వేళ్లు పైకే ఉంది. శుక్రవారం సాయంత్రమే ఆమె దాన్ని జరిపిందని మేస్త్రి అప్పుడు గమనించాడు.

ఆదివారం పొద్దున్న ఆడపడుచు తన అత్తగారిని వెంటబెట్టుకుని మెట్లెక్కి వచ్చింది. తలుపు తియ్యగానే ముందావిడకి ఎదురైంది ఒక పెద్ద గేటు ముందు ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతున్న కొలతక్క అమ్మ. ముసలావిడ గుమ్మంలోనే ఆగి ఆ గోడ చివరి నుంచి చివరి దాకా చూసింది.

"ఎవరమ్మా వీళ్లంతా?"

"మా వాళ్లే పిన్నిగారూ," అంది కొలతక్క.

"అందరూనా?"

"అందరూ. అద్దెకి తెచ్చినవాళ్లు ఒక్కళ్లూ లేరు."

మేస్త్రి ముందుకొచ్చాడు. లప్పం గురించి చెబుతాడని ఆడపడుచు అనుకుంది. "ఈవిడ మా అత్తగారు," అని మొదలుపెట్టాడు ఆయన. "ఆ గేటు వీళ్లది కాదు, ఫోటో కోసం నిలబడ్డారు. ఈ మోటారు సైకిలు కూడా మా బావమరిదిది కాదు. ఇదిగో, ఇది నేను. తల ఏమైందో మీ కోడల్ని అడగండి."

"అన్నయ్యా, అప్పుడు నాకు పదేళ్లు," అంది ఆడపడుచు.

"ఈ గుర్రానికి ఐదు కాళ్లేంటి?" అంది ముసలావిడ.

"ఒకటి అరిగిపోతే ఇంకోటుండాలిగా," అన్నాడు మేస్త్రి.

వంటింట్లో టీ మరిగి పొంగింది. కొలతక్క దాన్ని దించి వచ్చి, మొగుడు మధ్యలో ఎగరగొట్టిన తమ్ముడి పెళ్లి సంగతి అందుకుంది. ముసలావిడ రెండుసార్లు కుర్చీ వైపు చూసింది. అట్టముక్కల వీధి అయ్యేదాకా, ఆ వీధిలో ఏ తీగ మీద ఎవరి బట్టలో తెలిసేదాకా, పంతొమ్మిదో ఫ్రేములో ఉన్నదెవరో చెప్పించుకునేదాకా ఆ రోజు ఆ ఇంట్లో ఎవరికీ కూర్చునే వీలు దొరకలేదు.