ఉగ్గుగిన్నెలో బ్రాందీ

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో నేను పులివెందుల బడిలో తెలుగు అయ్యవారిని. నా కుడిచేయి ఒళ్ళో ఉన్నంతసేపు బుద్ధిగానే ఉండేది. సుద్దముక్క పట్టుకుంటే చాలు, గజగజ వణికేది. నల్లబల్ల మీద నేను రాసిన 'క' కోడిపెట్టా, కుందేలా అని పిల్లలు పందేలు కాసేవాళ్ళు. పిల్లల మాటకేం గానీ, ఊళ్ళో పెద్దలకు నోళ్ళు లేవా? మద్యనిషేధం ఉన్న రోజులు. చేయి వణికిందంటే చాటుగా తాగుతున్నట్టే లెక్క. నా మొహం మండ, కాఫీ తప్ప ఇంకొకటి ఎరగనివాణ్ణి!

ఒకరోజు హెడ్మాస్టరు పిలిచి గొంతు తగ్గించాడు. "సోమవారం ప్రెసిడెంటు మీ క్లాసులో కూర్చుంటాడంట. చేయి వణికిందా, ఉద్యోగం పీకేస్తాడు. నేనేం చేయలేనప్పా."

ప్రెసిడెంటంటే బడి కమిటీకి పెద్ద, పది కాండ్ల ఎద్దులతో సేద్యం చేసే రైతు. నాకా ముగ్గురు పిల్లలు, ఆ జీతం తప్ప వేరే ఆధారం లేదు. నిజంగానే భయమేసింది.

మా ఆవిడ నన్ను బస్సెక్కించి జమ్మలమడుగులో ఒక డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది. ఆయన గొంతు తడిమాడు, నాడి చూశాడు, అటూ ఇటూ నడవమన్నాడు. చేతులు చాపమని వేళ్ళ మీద కాగితం పరిస్తే అది రెపరెపలాడింది. ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి నీళ్ళు పొయ్యమన్నాడు. సగం ఆయన ప్యాంటు మీద పోశాను.

"మీ నాయనకు గూడా ఉండెనా?" అన్నాడు తుడుచుకుంటూ.

"ఉండె సార్. రెండు చేతులా గ్లాసు పట్టుకొని తాగేవాడు. ఎనభై ఏండ్లు బతికినాడు."

"అయితే ఇది కంపవాతం కాదు. అదైతే చేయి ఊరకే ఉన్నప్పుడు వణుకుతాది. మీది పని చేసేటప్పుడే వణుకుతాంది. మీ ఇంట్లో తరతరాలుగా వస్తాండేదే. ప్రాణానికేం కాదు, పూర్తిగా పోదు. కాఫీ తగ్గించండి." తర్వాత మామూలుగా అడిగాడు. "కొంచెం తాగితే వణుకు తగ్గుతాదా?"

మా ఆవిడ లేచి నిలబడింది. "ఏంది సార్ ఆ మాట? ఉల్లిగడ్డ గూడా తినని ఇల్లు మాది!"

డాక్టరు నవ్వాడు. "కోప్పడొద్దమ్మా. ఈ రకం వణుకు చుక్క పడితే కాసేపు అణుగుతాది. మీ ఆయన తాగేవాడే అయితే, ఆ చేయి చూసి ఎవురూ అనుమానపడేవాళ్ళు కాదు."

రోజూ తాగితే ఇంతకంటే పాడు వణుకు పట్టుకుంటుందని హెచ్చరించి, రోజూ వేసుకోవడానికి మాత్రలూ, ఆ ఒక్క సోమవారానికి ఒక ఔన్సు బ్రాందీ కూడా రాశాడు. డాక్టరు చీటీ ఉంటే మందుల షాపులో ఇచ్చేవాళ్ళు.

సోమవారం పొద్దున మా ఆవిడ పిల్లలకు ఆముదం పట్టే ఉగ్గుగిన్నెలో దాన్ని పోసి, కొంగుతో ముక్కు మూసుకొని, మొహం అటు తిప్పుకొని నా చేతికిచ్చింది. గొంతు కాలిపోయింది. నోట్లో ఇన్ని లవంగాలు వేసుకొని బడికి పోయాను.

ప్రెసిడెంటు వెనక బెంచీలో కూర్చున్నాడు. పద్యం నాలుగు పాదాలూ నల్లబల్ల మీద రాశాను. గీత గీసినట్టు వచ్చాయి. నా అక్షరాలు అంత బాగుంటాయని నాకే తెలియదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

గంట కొట్టాక ప్రెసిడెంటు వచ్చి నా వీపు తట్టాడు. "శానా సంతోషం అయ్యవారూ! ఎప్పుడు మానేసినారు?"

ఒళ్ళు మండిపోయింది. ఇంట్లో ముగ్గురు పిల్లలు గుర్తొచ్చారు. చేతులు కట్టుకొని, లవంగాలు దవడకు నెట్టి, వినయంగా చెప్పాను.

"ఈ పొద్దున్నే మానేసినాను సార్."