కొబ్బరినూనె తుపాకీ

మా ఆయన తుపాకీ కొన్నారు.

ఆదివారం పొద్దున మేముండే మిల్టన్ కీన్స్ శివార్లలో ఒక మైదానం నిండా కార్లు నిలిపి, డిక్కీలు తెరిచి, ఇళ్ళల్లోని పాత సామాన్లు అమ్ముతారు. వెళ్ళి ఒక పూలకుండీ పట్టుకురండి, కాస్త గాలి తగులుతుందని నేనే బలవంతాన పంపాను. గాలి తగిలింది. గాలి తుపాకీ దొరికింది.

తిరునాళ్ళలో బుడగలు పేల్చడానికి ఇస్తారే, ఆ జాతిది. నడుం దగ్గర విరిచి, మినప్పప్పంత సీసపు గుండు పెట్టి, మళ్ళీ మూసి పేల్చాలి. ఇంగ్లండులో దానికి లైసెన్సు అక్కర్లేదట. ఒకసారి పట్టుకున్నందుకే నా అరచేతులు గోరింటాకు పెట్టుకున్నట్టు అయ్యాయి. అంత తుప్పు. పైగా అమ్మినతను కొసరుగా ఒక గుండ్ల డబ్బా కూడా ఇచ్చాడు.

“ఏంటండీ ఇది?”

“తుపాకీ.”

“కనపడుతోంది. ఎందుకని?”

“ఊరికే.”

ఆ రోజుకు అవే మాటలు. నిజానికి ఎక్కువే మాట్లాడినట్టు లెక్క.

ఆ వేసవిలో ఆయన సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పోయింది. కంపెనీ వాళ్ళు చాలా మర్యాదగా తీసేశారు, కేకు కూడా కోయించారు. అప్పటినుంచి మనిషిలో ఉలుకూ పలుకూ లేదు. మొదట ఇంటర్వ్యూల గురించి మాట్లాడడం మానేశారు, తర్వాత ఫోన్లో వాళ్ళమ్మతో, తర్వాత నాతో. అమ్మాయి బర్మింగ్‌హామ్‌లో చదువుకుంటోంది. ఇంట్లో ఇద్దరమే. పెరుగన్నం కలుపుకుని, తినకుండా, దాని వంకే చూస్తూ కూర్చునేవారు.

నేను ఆస్పత్రిలో ఎమర్జెన్సీ డాక్టర్ని. చచ్చిపోవాలనిపిస్తోందా అని ముక్కూ మొహం తెలియని వాళ్ళను మంచినీళ్ళు కావాలా అన్నంత మామూలుగా అడుగుతాను. మా ఆయన్ను అడగలేకపోయాను. అవునంటారేమోనని భయం. సరిగ్గా ఆ రోజుల్లో ఇంట్లోకి తుపాకీ వచ్చింది, నేను పంపిన మనిషి చేతే. కొరివితో తల గోక్కోవడమంటే అదే.

ఆయన స్నానానికి వెళ్ళగానే గుండ్ల డబ్బా తీసి నా హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను. షిఫ్టులు ఎలా ఉన్నా, పగలైనా రాత్రయినా, ఇక అది నాతోనే డ్యూటీకి వచ్చేది. సెలవు రోజున ఇంట్లో కూడా ఆ బ్యాగు నా భుజం దిగేది కాదు. ఆయన ఎప్పుడూ అడగలేదు. చూసుకోలేదనే అనుకున్నాను.

తర్వాత ఒకరోజు వంటింట్లోంచి కేక.

“మే, చింతపండు యాడ పెట్టినావు?”

కొన్ని నెలల తర్వాత ఆయన నన్నడిగిన మొదటి ప్రశ్న అది. పరుగెత్తుకెళ్ళి ఇచ్చాను. తుప్పుకట. బజారులో తుప్పు వదిలించే మందులు బోలెడు. జీతం లేనివాడు తుపాకీ మీద ఇంకో పెన్నీ కూడా పెట్టకూడదని ఆయన నియమం. కాబట్టి నా వంటింటి మీద పడ్డారు. ఇత్తడి చెంబు తోమినట్టు చింతపండూ ఉప్పూ కలిపి పట్టించి, పీచుతో రుద్దారు. సాయంత్రానికి బారెల్ తళతళలాడింది. తెల్లారేసరికి ముందుకన్నా ఎర్రగా ఉంది. ఉప్పు తగిలితే ఇనుము తుప్పుపడుతుందని బడిపిల్లలకు కూడా తెలుసు. మా ఇంట్లో ఒకరు ఇంజినీరు, ఒకరు డాక్టరు.

చింత చచ్చినా పులుపు చావదు. ఉద్యోగం పోయినా ఇంజినీరు బుద్ధి పోలేదు. బారెల్‌కు దారాలు కట్టి భాగాలు చేసి, ఒక్కో భాగానికి ఒక్కో రకం పులుసు పట్టించి చూశారు.

“ఉప్పే తప్పు,” అని చివరికి ప్రకటించారు.

అప్పటినుంచి అన్నం దగ్గర తుప్పు గురించి మాట్లాడేవారు. తుప్పు గురించి మాత్రమే. గుడ్డి కన్నా మెల్ల నయమని నేనూ ఊకొట్టేదాన్ని. చారులోకి చింతపండు లేక నిమ్మకాయ పిండుకుంటున్నా నోరెత్తలేదు.

ఈలోగా సంగతి పొక్కింది. ఎవరింట్లోనో వ్రతానికి వెళ్తే ఒక ఆంటీ పులిహోర తింటూ, “మీ వారు తుపాకీ కొన్నారటగా? కడప కదమ్మా, రక్తంలో ఉంటుంది!” అంది. మా ఆయన రక్తంలో ఉన్నది షుగర్ ఒక్కటే. సాలెపురుగును కూడా కాగితం మీద ఎక్కించి, తోటలో దించి వచ్చే మనిషి. మా పుట్టిల్లు తెనాలి కాబట్టి నన్ను జాలిగా చూసి ఇంకో గరిటె పులిహోర వడ్డించారు.

తుప్పు వదిలాక నూనె కావాలి. నా తలనూనె సీసా మాయమైంది. బారెల్ లోపలా బయటా, స్ప్రింగుకూ, చెక్కకూ అంతా కొబ్బరినూనే. తుపాకీ రెండు జడలు వేసుకుని బడికెళ్ళే పిల్లలా వాసనొచ్చేది.

చలికాలం వచ్చింది. నాకు సెలవున్న ఒక శనివారం పొద్దున ఆయన తోటలో గోడకు ఇసుక బస్తా ఆనించి, దాని ముందు ఖాళీ నెయ్యి డబ్బా పెట్టారు. గడ్డి మీద మంచు.

“గుండ్లు ఉండాయా?” అన్నారు, నా వైపు చూడకుండా.

ఆయన చేతిలో తుపాకీ, నా భుజాన బ్యాగు. ఇక దాటెయ్యడానికి దారి లేదు.

“ఏవండీ, చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా?”

ఆయన తుపాకీని గడ్డి మీద పెట్టారు.

“అనిపించింది. ఎండాకాలంలో. ఇప్పుడు లేదు.”

నేను ఏడ్చాను. ఆ జవాబు తర్వాత అడగాల్సిన ప్రశ్నలు నాకు కంఠతా వచ్చు. ఒక్కటీ గుర్తురాలేదు. “సోమవారం మన జీపీ డాక్టరు దగ్గరికి పోదాం,” అన్నాను. “పోదాంలే,” అన్నారు. ముక్కు తుడుచుకుని, బ్యాగులోంచి డబ్బా తీసి ఆయన చేతిలో పెట్టాను.

ఆయన ఒక గుండు పెట్టారు. ఒక కన్ను మూశారు. ఊపిరి బిగబట్టి గురి చూసి నొక్కారు. తుపాకీ నీరసంగా ఉస్సుమంది. గుండు బారెల్ చివరిదాకా వచ్చి, ఆలోచించుకుని, ఆయన చెప్పు మీద పడింది.

విరిచి చూశాం. లోపల తెల్లగా పేరుకుపోయి ఉంది. చలికాలం కొబ్బరినూనె సీసాను ఎండలో పెట్టి కరిగించుకోని తెలుగువాళ్ళు ఉండరు. మా ఇద్దరికీ తట్టలేదు.

“మీ మొహం మండ!” అన్నాను.

ఆయన నవ్వారు. మంచు గడ్డి మీద కూలబడి, పొట్ట పట్టుకుని, కళ్ళ నీళ్ళు కారేలా నవ్వారు. నేనూ పక్కన కూలబడ్డాను.

లోపలికొచ్చి తుపాకీని గది వెచ్చబెట్టే రేడియేటర్ మీద పెట్టాం, పక్కనే నా నూనె సీసా. అది కరిగేలోగా టీ పెట్టాను. ఆయన గుండ్ల డబ్బాను బల్ల మీద నా వైపు జరిపారు.

“ఇంగ దీన్ని అలమరలో పెట్టి తాళమెయ్యి మే. రోజూ మోసినావు, చాల్లే.”

“మీకు తెలుసా?”

“తెల్దా మరి! నువ్వు డ్యూటీకి పోతా మెట్లు దిగేటప్పుడు బ్యాగులో గలగలమనేది,” అన్నారు టీ ఊదుకుంటూ. “ఆ సప్పుడు గడప దాటినాకనే నేను మంచం దిగుతాంటి.”