కు బ్యాండుకి గొడుగు పట్టిన రోజు

ఆ రోజుల్లో చదువు అయిపోయిందంటే చదివిందంతా వచ్చేసినట్టేనని నమ్మేదాన్ని. మీలో కొందరైనా నమ్మే ఉంటారు, లేకపోతే ఇన్ని పట్టాలకి ఇన్ని ఫ్రేములు కట్టించుకోం కదా. ఎలక్ట్రానిక్స్‌లో బీటెక్ చేసి నర్సీపట్నం తిరిగొచ్చేసరికి ఊరి బయట ఒక డిప్లొమా కాలేజీలో లెక్చరర్ ఖాళీ ఉందన్నారు. నాన్న కృష్ణదేవిపేట రూట్లో షేర్ ఆటో నడిపేవారు. ఆ కాలేజీ పిల్లలంతా ఆయన ఆటోలోనే వెళ్లేవాళ్లు కాబట్టి కబురు ముందు మా ఇంటికే చేరింది. ఇంట్లో ఒప్పందం ఒకటే. ఈ ఉద్యోగం వస్తే ఊళ్లో ఉంటాను, రాకపోతే విశాఖపట్నంలో హాస్టల్లో చేరి బ్యాంకు పరీక్షలకి కోచింగ్ తీసుకుంటాను. నాకేమో పాఠం చెప్పడం తప్ప మరొకటి వద్దు. (బ్యాంకులంటే గౌరవమే. కౌంటర్‌కి ఇవతల నిలబడేంత గౌరవం.)

డెమో క్లాసుకి నాకిచ్చిన పాఠం, ఉపగ్రహాలకి వాడే రేడియో తరంగాల బ్యాండ్లు. బీటెక్‌లో ఆ యూనిట్‌ని నేను నిశ్చింతగా ఛాయిస్‌లో వదిలేశాను. ముందురోజు పుస్తకం తిరగేస్తే ఎల్, ఎస్, సి, ఎక్స్ అని వరసగా ఉన్నాయి. ఎల్ నుంచి ముందుకెళ్లే కొద్దీ ఫ్రీక్వెన్సీ పెరుగుతుంది, అల పొట్టిదవుతుంది. ఆ తర్వాత కె పక్కన చిన్న యు, ఉత్త కె, కె పక్కన చిన్న ఎ. నా తెలుగు బుర్రకి అవి కు, క, కా అని వినబడ్డాయి. వరస ఎక్కడ తప్పుతుందిలే, ఒకటో తరగతిలోనే వచ్చేసింది కదా అనుకున్నాను. మర్నాడు బోర్డు మీద క, కా, కు అని దిలాసాగా రాసి, "అన్నిటికంటే పైనున్నది కు బ్యాండ్" అని తేల్చేశాను.

వెనక బెంచీలో హెచ్ఓడీ గారున్నారు. క్లాసులో గుండుసూది పడినా వినబడాలంటారని పిల్లలు ఆయనకి గుండుసూది సారు అని పేరు పెట్టారు. ఆయన మెల్లగా లేచారు. "ఏమ్మా, కి, కీ ఎక్కడికెళ్లాయి? ఈ పూట సెలవా?" అన్నారు. క్లాసంతా ఘొల్లుమంది. ఆ నవ్వుల్లో గుండుసూది కాదు, బీరువా పడినా వినబడేది కాదు. ఆయన మాత్రం నవ్వలేదు. "వరస బట్టీ పడితే ఇలాగే ఉంటుంది. సోమవారం మళ్లీ రా. అప్పుడు వరస కాదు, కారణం చెప్పు" అన్నారు.

ఇంటికెళ్లి ఏడవలేదు. మొండితనం వచ్చింది. పుస్తకంలో సరైన వరస దొరికింది. ముందు కు, తర్వాత క, ఆ పైన కా. "ఫ్రీక్వెన్సీ పెరిగితే వానకి సిగ్నల్ నష్టం పెరుగును" అనే ముక్క కూడా దొరికింది. ఎందుకు పెరుగునో మాత్రం ఎన్నిసార్లు చదివినా బుర్రకెక్కలేదు. అంతలో వాన మొదలైంది, మా టీవీలో బొమ్మ పోయింది. మాది డాబా మీద చిన్న డిష్, అంటే నా పరువు తీసిన కు బ్యాండే. పక్కింట్లో కేబుల్, కేబులాయన డాబా మీద జల్లెడలాంటి పెద్ద డిష్, అది సి బ్యాండ్. పక్కింటి టీవీ హాయిగా మోగుతోంది.

"పక్కింటోల్లకి రాదేటి ఈ రోగం? మన గొడుగే తడుస్తాది గావాల" అంది నానమ్మ. ఆవిడ డిష్‌ని గొడుగనేది. నాకది సబబుగానే తోచింది. తడవకుండా చేస్తే తేలిపోతుంది కదా! ఒక తువ్వాలు, నాన్న పెద్ద గొడుగు తీసుకుని డాబా ఎక్కాను. డిష్ తుడిచి, దానికి గొడుగు పట్టి, నేను తడుస్తూ నిలబడ్డాను. కింద నానమ్మ టీవీలో సిగ్నల్ గీత చూసి చెబుతోంది.

"నానమ్మా, వచ్చిందా?"

"లేదే! ఉన్న కాస్తా ఎల్లిపోనాది!"

పక్కింటి అత్త కిటికీలోంచి చూసి, "ఏటే అది, డిష్‌కి జలుబు సేసిందేటి?" అంది.

"ప్రభువా, ఈ పిల్లకి ఉద్యోగం తరవాత, ముందు బుద్ధియ్యి" అని కిందనుంచి నానమ్మ ప్రార్థన.

గొడుగు తీశాను, పెట్టాను, మళ్లీ తుడిచాను. ఏం చేసినా గీత కదల్లేదు. (ఇది రాస్తుంటే పక్కన నిద్రపోతున్న నా పాప కదిలింది. ఫ్యాను ఒకటి తగ్గించి వచ్చాను. ఇప్పుడు మరీ తగ్గిందేమోనని ఇంకో దిగులు.)

మర్నాడు సాయంత్రం అసలు సంగతి జరిగింది. మా ఇంటి మీద చుక్క పడలేదు. డిష్ చూసే దక్షిణం వైపు మాత్రం ఆకాశం నల్లబడి, దూరంగా తెర దించినట్టు వాన దిగుతోంది. ఇంట్లోంచి నానమ్మ కేకేసింది, "బొమ్మ పోనాదే!" పరుగున వెళ్లి డిష్‌ని అరచేత్తో తడిమాను. పొడిగా ఉంది. ఆ పొడి పళ్లెం మీద చెయ్యి పెట్టి ఎంతసేపు నిలబడ్డానో. అంటే తడిసింది డిష్ కాదు, దారి! ఆకాశంలోంచి వచ్చే అల మా డాబా చేరేలోపే వాన దాన్ని మింగేసింది. సి బ్యాండ్ అల బెత్తెడుంటుంది, చినుకుల్ని లెక్కచెయ్యకుండా దాటేస్తుంది. కు బ్యాండ్ అల అంగుళమే. అల ఎంత పొట్టిదైతే అంతగా చినుకు సైజుకి దగ్గరపడి, అంతగా దానికి చిక్కుతుంది. అలాంటప్పుడు నేను ఏ దారికని గొడుగు పట్టను?

సోమవారం బోర్డు మీద అక్షరాల కంటే ముందు చినుకులు గీశాను. చేత్తో బెత్తెడు చూపించాను, అంగుళం చూపించాను, కా బ్యాండుకి చిటికెన వేలి గోరు చూపించాను. "కె అన్నది పొట్టి అనే జర్మన్ మాటలోంచి వచ్చింది. దానికి కింద, అంటే అండర్, ఉన్నది కు. పైన, అంటే అబవ్, ఉన్నది కా. మధ్యలో కె బ్యాండుని గాల్లో తేమే తినేస్తుంది. అందుకే ఉపగ్రహాల వాళ్లు ఎక్కువగా దాని కిందా పైనా సర్దుకున్నారు" అన్నాను. ఈసారి ఎవరూ నవ్వలేదు.

గుండుసూది సారు లేచారు. "కా ఇంకా తొందరగా వానకి చిక్కుతుందన్నావు. మరి ఎందుకమ్మా దాన్ని వాడటం?"

అది నేను చదవలేదు. ఒక్క క్షణం విశాఖపట్నం హాస్టల్ గది కళ్లముందు కనబడింది. అయినా నోరు ఆగలేదు. "పైకి వెళ్లే కొద్దీ చోటు ఎక్కువ సార్. ఒకేసారి ఎక్కువ సమాచారం పంపొచ్చు, చిన్న డిష్ సరిపోతుంది. వాన వస్తే పవర్ పెంచుకోవాలి. కష్టమని వదిలేస్తే ఎలా సార్?"

ఆయన బోర్డు దగ్గరికి వచ్చారు. "చివరి ముక్క పుస్తకంలో లేదు. ఉంచుకో. రేపట్నుంచి వచ్చెయ్" అన్నారు.

ఇంటికి పరుగెత్తి చెబితే నానమ్మ నా తల మీద చెయ్యి పెట్టి, "మంచిదే. ఆకాశం సంగతి తెలిసిపోనాది గదా, నిన్న బొమ్మ పోయినప్పుడు సీరియల్లో ఆ పిల్ల ఏటయిందో బేగి సెప్పు" అంది.

ఇప్పుడు నా పాప రెండు తుమ్ములు తుమ్మితే థర్మామీటరు కోసం ఇల్లంతా వెతుకుతాను. కిటికీలోంచి జల్లు కొడితే పరుగెత్తి రెక్క మూస్తాను. ఆ డాబా మీద తడుస్తున్న అమ్మాయి ఇప్పుడు కనబడితే, కిందికి దిగమని గొంతు చించుకుని అరుస్తాను. అది దిగదు. "ఉండండి ఆంటీ, ఇంకొక్కసారి చూస్తా" అంటుంది.