పాసులన్నీ మనవాళ్ళకే

ఆ రోజుల్లో మా జిల్లాలో ఫుట్‌బాల్ మ్యాచ్ తేలేది రెఫరీ ఈలతో కాదు, ప్రేక్షకుల్లో ఒకరి నోటిమాటతో. గొప్పలకు చెప్పడం లేదు. కనీసం ఒక్కసారి అలా జరిగింది. అదీ ఏలూరుకీ తాడేపల్లిగూడేనికీ మధ్య కప్పు ఫైనల్లో, ఆట ఇంకో నాలుగు నిమిషాల్లో అయిపోతుందనగా. ఏలూరు వాళ్ళు కొట్టిన బంతి గోల్‌పోస్టు వైపు దొర్లుకుంటూ వచ్చి, దేనికో తగిలి వెనక్కి ఎగిరింది. అక్కడే నిలబడి ఉన్న ఏలూరు ఫార్వర్డు దాన్ని తీరిగ్గా గోల్లోకి తోశాడు. బంతి తగిలింది పోస్టుకైతే గోలు గోలే. పోస్టు పక్కన గోనెసంచుల మీద కూర్చున్న గూడెం అభిమానుల్లో ఎవరి కాలికో తగిలిందంటే మాత్రం ఆ గోలు చెల్లదు. రెఫరీకి ఎదురెండ, ఏమీ కనబడలేదు. ఆయన నేరుగా గీత దగ్గరికొచ్చి, మొదటి సంచి మీదున్న పెద్దమనిషిని అడిగాడు: "ఏవండీ, బంతి మీ కాలికేమన్నా తగిలిందాండీ?"

ఆ పెద్దమనిషి మా మావయ్య. ఆయన్ని ఆ సంచి మీద కూర్చోబెట్టింది నేను.

అప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు. పుట్టింది గూడెంలో, పనిచేసేది ఏలూరులో, ఒక పత్రిక జిల్లా ఎడిషన్‌కి కంట్రిబ్యూటరుగా. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే పెద్దవాళ్ళ చొక్కా జేబుల్లోకి వస్తున్నాయి. మాకు ఫాక్స్ మిషనే దిక్కు. మా డెస్క్ ఇన్‌చార్జిగారికి పొడుగు వాక్యం కనబడితే తలనొప్పి వచ్చేది. "నువ్వు వార్త రాస్తున్నావా, శుభలేఖ రాస్తున్నావా?" అనేవారు. దాంతో నేను మాటలు కోయడం మొదలుపెట్టాను. ఎక్కడ కోస్తే రక్తం వస్తుందో తెలియని వయసు.

ఫైనల్‌కి రెండు రోజుల ముందు ఏలూరు జట్టు కోచ్‌ని కలిశాను. ఆయన ఒక బళ్ళో డ్రిల్లు మాస్టారు. "మా వ్యూహం ఒకటేనండి," అన్నారు ఈల మెళ్ళో తిప్పుకుంటూ. "పాసులన్నీ మనవాళ్ళకే అందాలి. గూడెం వాళ్ళకి ఒక్కటంటే ఒక్కటి వెళ్ళకూడదు." ఎంత చక్కని మాట అనుకున్నాను. పొల్లుపోకుండా రాశాను. అదే ఫాక్సులో ఇంకో చిన్న వార్త కూడా పెట్టాను: గ్రౌండులో ఉన్నది ఒకటే గ్యాలరీ కాబట్టి పాసులు ఉన్నవాళ్ళకే ప్రవేశమనీ, వాటిని రెండు ఊళ్ళకీ పంచే పని కమిటీ చూస్తోందనీ. డెస్క్ వాళ్ళు రెండూ పాసుల సంగతే కదా అని ఒక్క వార్తగా కలిపేశారు. పత్రిక జిల్లా మొత్తానికీ కాబట్టి 'మనవాళ్ళు' అన్న మాటని దిద్దారు కూడా. పొద్దున్నే చూస్తే 'పాసులన్నీ ఏలూరు వాళ్ళకే' అని హెడ్డింగు, దాని కింద 'గూడేనికి ఒక్కటీ వెళ్ళకూడదు: కోచ్' అని ఇంకొకటి.

ఎనిమిదిన్నరకల్లా ఆఫీసు ఫోను మోగింది. మా మావయ్య గూడెం మార్కెట్లో ఉల్లిపాయల కొట్లో గుమస్తా. ఫుట్‌బాలంటే ప్రాణం.

"ఏరా అల్లుడూ, మీ అత్తయ్య చేతి అన్నం తిన్నవాడివి, ఈ వార్త రాయడానికి నీకు చేతులెలా వచ్చాయిరా? మేం మనుషులం కాదా?"

"మావయ్యా, అవి ఆ పాసులు కాదండి. ఆటలో పాసులు. కాలితో ఇచ్చేవి."

అవతల ఆయన కొట్లో వాళ్ళతో అనడం వినబడింది: "విన్నారా? మనకి ఇస్తే గిస్తే కాలితో ఇస్తారంటండీ!"

ఫోను పెట్టేశారు.

మర్నాడు సవరణ వేశాం. (సవరణలు చదివే పాఠకుణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు.) కమిటీ వాళ్ళు కూడా గూడెం వాటా పాసులు గూడేనికి పంపారు. కానీ అప్పటికే కోపం పాసుల్ని దాటిపోయింది. ఫైనల్ రోజు మధ్యాహ్నం పాసింజరు దిగిన జనంలో పాసు ఉన్నవాళ్ళకంటే లేనివాళ్ళే ఎక్కువ. ఒక్కొక్కరి చంకలో ఒక ఖాళీ ఉల్లిపాయల సంచి. "చోటివ్వకపోతే పోనీండి, మా చోటు మేమే తెచ్చుకున్నాం," అన్నారు మావయ్య గేటు దగ్గర. భీమడోలులో ఎక్కినవాళ్ళు కొందరు గొడవేమిటో తెలియకుండానే సంచులు పట్టుకున్నారు. రెఫరీగారు రైల్వేలో టీసీ. ఏ ఊరివాడూ కాదు, రైలువాడు కాబట్టి పక్షపాతం ఉండదని ఆయన్ని ఒప్పించారు. ఆయనా అదే రైల్లో వచ్చారు. ఆయన్ని చూసి మావాళ్ళు కొందరు ఏలూరు దాకా బాత్రూములోనే ప్రయాణం చేశారని వినికిడి.

గేటు దగ్గర మాటా మాటా పెరుగుతుంటే, తప్పు నాది కాబట్టి నేనే మధ్యలో దూరాను. గోలు వెనకా పక్కనా గడ్డి నేల ఖాళీగా ఉంది కదా, సంచులు అక్కడ పరుచుకుంటారన్నాను. డ్రిల్లు మాస్టారు ఆలోచించారు. "గీతకి మూడడుగులు ఇవతలే ఉండాలండి. ఒక్క కాలు ముందుకొచ్చినా ఆట పాడవుతుంది." మావయ్య గుండె మీద చెయ్యేసుకున్నారు. "నాది పూచీ. మా కాలి బొటనవేలు కూడా రాదండి." "మీ మాట మీదే ఒప్పుకుంటున్నానండి," అన్నారు మాస్టారు. మా మావయ్యకి ఉన్న ఆస్తల్లా ఆ మాటే. మార్కెట్లో ఆయన నోటితో చెప్పిన తూకాన్ని ఎవరూ మళ్ళీ కాటా వెయ్యరు.

ఆట మొదలైంది. నేనూ మావయ్య పక్కనే సంచి మీద కూర్చున్నాను. ఏలూరు వాళ్ళు ఒకరికొకరు బంతి అందించుకుంటూ పోతున్నారు. వాళ్ళ ఫార్వర్డు కొల్లేటి లంకల్లోంచి వచ్చినవాడు, పొడుగుకాళ్ళు, పేరు కొంగ. ఎక్కడికీ పరిగెత్తడు, మా గోలు ముందు ఊరికే నిలబడతాడు. "అదిగో, కొంగ జపం మొదలెట్టింది!" అని మావాళ్ళు నవ్వారు. "నవ్వకండ్రా," అన్నారు మావయ్య. "గట్టు మీద కొంగని చూసి మొదట చేప కూడా నవ్వుతుంది." వెనక సంచి మీద ఒకాయన లేచి నిలబడ్డాడు: సెమీఫైనల్లో తను నిలబడితేనే గోలు పడిందట. "మీ అదృష్టమేదో కూర్చునే చూసుకోండి సార్, మాకు ఆట కనబడాలి," అని ఇంకొకాయన చొక్కా పట్టుకు లాగాడు. మావయ్య మాత్రం బంతి వెంట తల తిప్పుతూ చాలాసేపు చూసి, మెల్లిగా నా వైపు తిరిగారు.

"ఏరా, నువ్వన్న పాసులు ఇవేనా?"

"ఇవేనండి."

"నిజంగానే మనకి ఒక్కటీ రానివ్వటంలేదురా." మళ్ళీ బంతి వైపు తిరిగి, "మరి ఆ ముక్కేదో అర్థమయ్యేట్టు రాసి ఏడవచ్చుగా!"

ఇక చివరి నాలుగు నిమిషాల సంగతి మీకు తెలుసు. టీసీగారు అలవాటుగా, టికెట్టు అడిగినంత మర్యాదగా అడిగారు. తగిలిందంటే గోలు పోతుంది, గూడెం బతుకుతుంది. మూడడుగుల మాట మాత్రం పోతుంది. డ్రిల్లు మాస్టారు అవతలి గీత దగ్గర నిలబడి ఈయన వైపే చూస్తున్నారు. వెనకనుంచి మావాళ్ళు "తగిలిందనండి, తగిలిందనండి" అని గొణుగుతున్నారు. మావయ్య తన కాళ్ళ వైపు ఒకసారి చూసుకున్నారు. (రెండూ సంచి మీద బుద్ధిగా మఠం వేసుకుని ఉన్నాయి, ఎప్పట్నించో తెలియదు.)

"లేదండి. పోస్టుకే తగిలిందండి."

ఒకటి సున్నా. కప్పు ఏలూరులో ఉండిపోయింది.

వార్త ఫాక్స్ చేసి, సాయంత్రం రైల్లో నేనూ వాళ్ళతో గూడెం బయల్దేరాను. పెట్టెలో రెండు పార్టీలు తయారయ్యాయి. "బంతి పోస్టుకే తగిలింది, ఈయన నిజం చెప్పాడు. ఒక్క అబద్ధం ఆడితే ఏం పోయింది?" అని ఒక పార్టీ. "కాలికే తగిలింది, ఈయన అబద్ధం చెప్పాడు. ఒక్క నిజం చెబితే ఏం పోయింది?" అని రెండోది. ఉంగుటూరు దాటేదాకా మావయ్య కిటికీలోంచి వరిచేలే చూస్తూ కూర్చున్నారు. చివరికి విసిగిపోయి, "మా అల్లుడు పక్కనే ఉన్నాడు కదా, పేపరువాడు. వాణ్ణి అడగండి," అన్నారు. పెట్టె మొత్తం నావైపు తిరిగింది. "పోస్టుకేనండి," అన్నాను. మర్నాడు పత్రికలోనూ అదే వచ్చింది.

ఇరవై ఏళ్ళు దాటింది. ఇప్పటికీ గూడెం వెళ్తే ఎవరో ఒకరు, "అసలు నువ్వు చూశావు కదా," అని అడుగుతారు. చూశానండి అంటాను. నిజానికి బంతి వెనక్కి ఎగిరిన ఆ క్షణంలో నేను తల వంచుకుని, మ్యాచ్ డ్రాగా ముగిసిందని ముందుగానే నోట్‌బుక్కులో రాసేసుకుంటున్నాను. మాటలు పొదుపు చెయ్యాలని, నాలుగు నిమిషాల ఆటని కూడా పొదుపు చేశాను. తలెత్తేసరికి బంతి గోల్లో ఉంది. అది దేనికి తగిలిందో నాకు తెలియదు. నేను చూడలేదని మావయ్యకి తెలుసో లేదో, అదీ తెలియదు. ఆయన నన్నెప్పుడూ అడగలేదు, నేనూ ఆయన్ని అడగలేదు.