పెనుకొండ కింద లేని బండ

హిందూపురంలో ఒక హోటల్లో టిఫిన్‌కి కూర్చుంటే ఎదురుగా గోడ మీద మా నాయన వేసిన పెనుకొండ. పాతకాలపు నలుపు తెలుపు ఫొటో మీద గళ్లు గీసుకుని, దాన్ని చూస్తూ హోటళ్లకూ అంగళ్లకూ పెద్ద పటంగా రంగుల్లో వేయడం ఆయన పని. ఇల్లంతా టర్పెంటైన్ వాసన.

పటంలో కొండ కింద నల్లటి బండ కనబడగానే దోసె వదిలేసి దగ్గరికెళ్లి చూశాను. అది బండ కాదు. ఐదో తరగతిలో సిరా పెన్నులు గుర్తున్నాయా, విదిలిస్తే గానీ రాయనివి? నేను విదిలించిన చుక్క ఆ ఫొటో మీద పడింది. భయంతో నోరెత్తలేదు. ఫొటోలో ఉన్నది ఉన్నట్టే వేసే మా నాయన, ప్రతి పటంలోనూ దాన్ని బండగా వేశాడు.

"ఆ బండ మీదే మా తాత గొర్రెలు కాస్తా కూర్చునేవాడు పాపా," అన్నాడు హోటలాయన.

ఇక ఆగలేక బయటికొచ్చి, నాయనకు ఫోన్ చేసి తప్పు ఒప్పుకున్నాను.

"సిరా ఏందిమ్మా? చిన్నప్పుడు ఆ బండెక్కి నేనే దూకినా. ఇప్పుడు ధర్మవరంలో చీరలంగడికి వేస్తాండా, దాంట్లో గూడా పెట్టినా."

ఇన్నేళ్లు దాచి, చివరికి చెబితే నమ్మేవాళ్లే లేరు. మన ఐదో తరగతి బి సెక్షన్ వాళ్లెవరైనా ఇది చదువుతుంటే, నా పెన్ను కారేదని దయచేసి ఈ పోస్టు కింద రాయండి. మా నాయనకు చూపించాలి.